అక్వేరియం కంట్రోలర్ మీరే తయారు చేసుకోండి: ఆగిపోయినా చేపలకు హాని చేయని బాక్సు

నీళ్ల వేడిని చూసి హీటర్ వేయడం, ఆపడం. టైమ్‌కి లైట్లు వెలిగించడం. మేత వేసేటప్పుడు ఫిల్టర్‌ను కాసేపు ఆపడం. ఆవిరైపోయిన నీటిని మళ్లీ నింపడం. ఏదైనా తేడా వస్తే గట్టిగా అరిచి చెప్పడం. ఇంట్లో ఉండే అక్వేరియానికి కంట్రోలర్ చేసిపెట్టాల్సిన పనులు ఇవే. చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, టెంపరేచర్ సెన్సర్, నాలుగైదు రిలేలు (బోర్డు ఆదేశంతో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్‌లు) ఉంటే బ్రెడ్‌బోర్డ్ మీద ఈ పనులన్నీ చేయించడం పెద్ద కష్టమేమీ కాదు.

కష్టమంతా ఆ బాక్సు చెడిపోయే రోజు గురించి ముందే ఆలోచించడంలో ఉంది. బోర్డు హ్యాంగ్ అవుతుంది, సెన్సర్‌లోకి నీళ్లు చేరతాయి, రిలే అతుక్కుపోతుంది, అర్ధరాత్రి కరెంటు పోయి వస్తుంది. ఆ సమయంలో తొట్టిలోంచి బయటికి వెళ్లే దారి చేపకు లేదు. అందుకే ఈ గైడ్‌లో ప్రతి అడుగు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: ఈ భాగం ఈ క్షణంలో చచ్చిపోతే తొట్టిలో ఏం జరుగుతుంది? ఆర్డునో ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసి, సోల్డరింగ్ చేతనైనవాళ్లకు ఇది సరిపోతుంది.

ముందు కాగితం, తర్వాతే బోర్డు

తొట్టికి తగిలించిన పరికరాలన్నీ ఒక కాగితం మీద రాయండి. కంట్రోలర్ పూర్తిగా ఆగిపోతే ఏది ఆన్‌లో ఉండాలి, ఏది ఆఫ్‌లో ఉండాలి అన్నది ఒక్కోదాని ఎదురుగా రాసుకోండి. ఈ కాగితం రాయకుండా ఏ వైరూ కలపకండి.

ఫిల్టర్ ఆన్‌లోనే ఉండాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ లోపలి స్పాంజి, రింగుల మీదే బతుకుతుంది. దానికి ఆక్సిజన్ ఉన్న నీరు పారుతూనే ఉండాలి. ఫిల్టర్ గంటల తరబడి ఆగితే ఆ బాక్టీరియా దెబ్బతినడం మొదలవుతుంది. పైగా నీటి పైభాగం కదలక చేపలకే ఊపిరి ఆడదు. ఎయిర్ పంపునైతే అసలు కంట్రోలర్‌కు కలపొద్దు. దాన్ని నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టేయండి.

నీళ్లు నింపే పంపు ఆఫ్‌లో ఉండాలి. ఇందులో రెండో ఆలోచన లేదు. లైట్ ఎలా ఉన్నా ఒక రోజుకు కొంపేమీ మునగదు.

హీటర్ దగ్గరే కాస్త ఆగి ఆలోచించాలి. అక్వేరియం హీటర్లలో చాలావాటికి లోపలే థర్మోస్టాట్ ఉంటుంది. దాన్ని తీసేయకండి, పైదాకా తిప్పేసి పనికిరాకుండానూ చేయకండి. తొట్టి 26 డిగ్రీల దగ్గర ఉండాలనుకుంటే హీటర్ డయల్‌ను 27.5 దగ్గర పెట్టండి. రోజువారీ పని కంట్రోలర్ చేస్తుంది. రిలే ఆన్‌లో అతుక్కుపోతే హీటర్ సొంత థర్మోస్టాట్ 27.5 దగ్గర ఆపుతుంది. హీటర్ థర్మోస్టాట్ అతుక్కుపోతే కంట్రోలర్ ఆపుతుంది. ఒకేసారి రెండూ పాడయ్యే అవకాశం చాలా తక్కువ.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా పనికొస్తుంది. ఒక లీటరు నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్ల శక్తి కావాలి. 100 లీటర్ల తొట్టిలో 100 వాట్ల హీటర్ ఉంటే, బయటికి పోయే వేడిని పక్కన పెడితే, 1 డిగ్రీ పెరగడానికి దాదాపు 70 నిమిషాలు పడుతుంది. అదే తొట్టిలో 300 వాట్ల హీటర్ పెడితే 23 నిమిషాలు చాలు. అంటే పెద్ద హీటర్ అతుక్కుపోతే మీరు నిద్ర లేచేసరికే అంతా అయిపోయి ఉంటుంది. చిన్నదైతే గమనించి సరిచేయడానికి టైమ్ దొరుకుతుంది. 100 లీటర్లకు 100 వాట్ల హీటర్ ఒక్కటి కన్నా 50 వాట్లవి రెండు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో రిలేకు కలపమని నా సలహా. ఒకటి ఆన్‌లో ఇరుక్కుపోయినా నీళ్లను మరిగించలేదు, ఒకటి కాలిపోయినా తొట్టి పూర్తిగా చల్లబడదు.

కావాల్సిన సామాను

బోర్డుగా ఈఎస్‌పీ32 తీసుకోండి. వైఫై లోపలే ఉంటుంది, పిన్నులు సరిపడా ఉంటాయి, ఆర్డునో ఐడీఈలోనే ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. వేడి కొలవడానికి వాటర్‌ప్రూఫ్ గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 సెన్సర్లు రెండు, వాటి కోసం 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కావాలి. టైమ్ చూడటానికి డీఎస్3231 గడియారం మాడ్యూల్. ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించి రెండు వైపులనూ విడిగా ఉంచే భాగం) ఉన్న నాలుగు రిలేల బోర్డు; ఫిల్టర్, రెండు హీటర్లు, లైటుతో పాటు నీరు నింపే పంపు కూడా ఉంటే ఐదో రిలే కావాలి. కనీసం 2 ఆంపియర్లు ఇచ్చే మంచి 5 వోల్ట్‌ల అడాప్టర్. ఒక బజర్, రెండు పుష్ బటన్లు, చిన్న ఓఎల్‌ఈడీ డిస్‌ప్లే. నీరు నింపే ఏర్పాటు కావాలంటే రెండు ఫ్లోట్ స్విచ్‌లు (నీటి మట్టాన్ని బట్టి కలిసే, విడిపోయే స్విచ్‌లు), ఒక చిన్న పంపు. వీటన్నిటినీ పెట్టడానికి మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ బాక్సు, వైర్లు బయటికి వచ్చే చోట కేబుల్ గ్లాండ్లు, ఫ్యూజు. మల్టీమీటర్ మీ దగ్గర లేకపోతే ముందు అది కొనండి.

మొదటి అడుగు: సెన్సర్

సెన్సర్‌కు మూడు వైర్లు ఉంటాయి. సాధారణంగా ఎరుపు 3.3 వోల్ట్‌లకు, నలుపు గ్రౌండ్‌కు, మూడోది డేటాకు. రంగులు అన్ని చోట్లా ఒకేలా ఉండవు కాబట్టి కొన్నదాని కాగితం చూసుకోండి. డేటా వైరును జీపీఐఓ 4కు (బోర్డు మీద 4 అని రాసి ఉన్న పిన్నుకు) కలిపి, ఆ వైరుకూ 3.3 వోల్ట్‌లకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. రెండో సెన్సర్‌ను కూడా అదే డేటా వైరుకు కలపొచ్చు. ప్రతి సెన్సర్‌కూ తనదైన 64 బిట్ల చిరునామా ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ వాటిని విడివిడిగా గుర్తుపడుతుంది. ఏ చిరునామా ఏ సెన్సర్‌దో చూసి, వైరుకు స్టిక్కర్ అంటించుకోండి.

వన్‌వైర్, డల్లాస్ టెంపరేచర్ లైబ్రరీలు వేసుకుని రీడింగ్ చూడండి. రెండు అంకెలు మీకు తరచూ కనిపిస్తాయి, వాటిని గుర్తుపెట్టుకోండి. 85 వస్తే సెన్సర్‌కు కరెంటు ఇప్పుడే అందింది, ఇంకా కొలవలేదని అర్థం. మైనస్ 127 వస్తే సెన్సర్ అసలు దొరకలేదని. వైరు ఊడినా, రెసిస్టర్ లేకపోయినా ఇదే వస్తుంది. ఈ మైనస్ 127ను నిజమైన వేడి అనుకునే ప్రోగ్రామ్ 'అమ్మో, చాలా చల్లగా ఉంది' అని హీటర్‌ను ఆపకుండా వేస్తూ పోతుంది. దీన్ని ఎలా ఆపాలో ప్రోగ్రామ్ దగ్గర చూద్దాం.

ఈ సెన్సర్‌లో అర డిగ్రీ వరకు తేడా ఉండొచ్చు. పగలగొట్టిన ఐసు ముక్కలతో గ్లాసు నింపి, కొంచెం నీళ్లు పోసి, కలుపుతూ రెండు సెన్సర్లనూ అందులో ముంచండి. కొన్ని నిమిషాల తర్వాత 0 చూపించాలి. 0.4 చూపిస్తే ప్రోగ్రామ్‌లో ఆ 0.4 తీసేయండి. తర్వాత తొట్టి వేడి దగ్గర కూడా నమ్మకమైన థర్మామీటర్‌తో ఒకసారి పోల్చుకోండి, ఎందుకంటే మనకు కావాల్సింది అక్కడి ఖచ్చితత్వమే.

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా వైరు గొట్టంలోకి దూరే చోటు బలహీనంగానే ఉంటుంది. నెలల తరబడి నీళ్లలో ఉంటే లోపలికి చెమ్మ చేరుతుంది. ఆ చోట అక్వేరియానికి వాడే సిలికాన్ పూసి, ఒక రోజంతా ఆరనిచ్చి, పైన హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. వీలైతే ఆ అతుకు నీటి పైనే ఉండేలా అమర్చండి. ఉప్పు నీటి తొట్టి అయితే మామూలు స్టీలు గొట్టం తుప్పు పడుతుంది, దాన్ని పూర్తిగా ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి. రాగి, ఇత్తడి తగిలే భాగాలు ఏ తొట్టిలోనూ వద్దు. రొయ్యలకు, నత్తలకు కొంచెం రాగి కూడా విషమే.

రెండో అడుగు: రిలేలు

రిలేలో మూడు చోట్ల వైరు బిగించొచ్చు: కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. రిలేకు ఆదేశం లేనప్పుడు కామన్‌కు నార్మల్లీ క్లోజ్డ్ కలిసి ఉంటుంది. మీ కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది. ఫిల్టర్‌ను నార్మల్లీ క్లోజ్డ్‌కు కలపండి. అప్పుడు బోర్డు చచ్చిపోయినా, అడాప్టర్ కాలిపోయినా ఫిల్టర్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటేనే కంట్రోలర్ పని చేయాలి. హీటర్లు, నీటి పంపు, లైటు నార్మల్లీ ఓపెన్‌కు.

బజార్లో దొరికే రిలే బోర్డుల్లో చాలావరకు సిగ్నల్ పిన్ను సున్నా అయితే ఆన్ అవుతాయి. ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్ట్‌లే ఇస్తుంది, రిలే బోర్డు 5 వోల్ట్‌ల మీద నడుస్తుంది. ఈ తేడా వల్ల కొన్ని బోర్డుల్లో రిలే సరిగ్గా ఆఫ్ కాకుండా వేలాడుతుంది. రిలే బోర్డు మీద జేడీ-వీసీసీ అని రాసిన జంపర్ ఉంటే దాన్ని తీసేసి, జేడీ-వీసీసీకి 5 వోల్ట్‌లు, పక్కనున్న వీసీసీకి 3.3 వోల్ట్‌లు ఇవ్వండి. సమస్య తీరిపోతుంది. జంపర్ లేని బోర్డు అయితే 3.3 వోల్ట్‌ల సిగ్నల్‌కు పనిచేస్తుందని రాసి ఉన్నదే కొనండి.

పిన్నుల ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. 6 నుంచి 11 వరకు పిన్నులు బోర్డు సొంత ఫ్లాష్ మెమరీవి, ముట్టుకోవద్దు. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కు మాత్రమే పనికొస్తాయి. 0, 2, 5, 12, 15 పిన్నులను బోర్డు స్టార్ట్ అయ్యేటప్పుడు తన అవసరానికి చూసుకుంటుంది, వాటి మీద రిలే పెడితే కరెంటు వచ్చిన ప్రతిసారీ టకటకా కొట్టుకోవచ్చు. 25, 26, 27, 33 రిలేలకు బాగుంటాయి, ఐదో రిలే ఉంటే దానికి 13. గడియారానికి, డిస్‌ప్లేకు 21, 22. ఫ్లోట్ స్విచ్‌లకు, బటన్లకు 18, 19, 23, 32. బజర్‌కు 14.

రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది కానీ చవక బోర్డుల మీద ఆ రాగి గీతలు అంత మోయలేవు. ఒక్కో రిలేకు 2 ఆంపియర్లు దాటనివ్వకండి. మామూలు తొట్టికి అంతకన్నా అక్కర కూడా రాదు. పంపు మోటార్లు ఆగేటప్పుడు రిలే లోపల నిప్పురవ్వ వస్తుంది. ఆ నిప్పురవ్వలే చివరికి లోపలి కాంటాక్టులను అతికించేస్తాయి. పంపు వైర్ల మధ్య స్నబ్బర్ (నిప్పురవ్వను అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెడితే ఇది బాగా తగ్గుతుంది. సాలిడ్ స్టేట్ రిలే (లోపల కదిలే భాగాలు లేని రిలే) వాడితే మంచిదని చాలామంది అంటారు. అది పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి హీటర్‌కు నేను దాన్ని వాడమనను.

మూడో అడుగు: ఇంటి కరెంటు

నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉండే పని ఇది. ఇంటి కరెంటు వైరింగ్ మీకు అలవాటు లేకపోతే ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. లేదా వైఫై ద్వారా ఆదేశాలు తీసుకునే రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్‌లు వాడి, మీరు తక్కువ వోల్టేజి వైపే ఉండిపోండి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే స్మార్ట్ ప్లగ్‌కు నార్మల్లీ క్లోజ్డ్ ఏర్పాటు ఉండదు కాబట్టి ఫిల్టర్‌ను దానికి కలపకుండా నేరుగా ప్లగ్‌లో పెట్టండి.

మీరే చేస్తుంటే ముందుగా తొట్టి మొత్తానికి వచ్చే కరెంటు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ గుండా వచ్చేలా చూడండి. హీటర్ గాజు పగిలి నీళ్లలోకి కరెంటు వచ్చిన రోజున మనిషి ప్రాణం కాపాడేది అదే. రిలే ఎప్పుడూ ఫేజ్ వైరునే తెంపాలి, న్యూట్రల్‌ను కాదు. న్యూట్రల్‌ను తెంపితే హీటర్ ఆఫ్ అయినట్టు కనిపిస్తుంది కానీ లోపల కరెంటు ఉంటుంది. ఎర్త్ వైరు ఏ రిలే గుండా పోకుండా నేరుగా సాకెట్‌కు వెళ్లాలి. బాక్సులోకి వచ్చే ఫేజ్ మీద, మీ మొత్తం లోడుకు తగ్గ ఫ్యూజు పెట్టండి.

బాక్సులో ఒక వైపు ఇంటి కరెంటు, మరో వైపు బోర్డు, మధ్యలో ప్లాస్టిక్ అడ్డుగోడ ఉండాలి. సన్న వైర్లు, లావు వైర్లు కలిసి నడవకూడదు. బాక్సును తొట్టి కింద కాకుండా పక్కన, నీటి మట్టం కన్నా పైన గోడకు బిగించండి. ప్రతి వైరూ సాకెట్‌కు చేరే ముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది.

అన్నీ బిగించాక హీటర్ బదులు మామూలు బల్బు పెట్టి ఒక్కో రిలేను పరీక్షించండి. మూత తీసి ఉన్నప్పుడు ప్లగ్ పీకే ఉండాలి. ఇక తొట్టిలో చెయ్యి పెట్టే ముందు హీటర్ ప్లగ్ తీయడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

నాలుగో అడుగు: ప్రోగ్రామ్

ప్రోగ్రామ్ మొదట చేయాల్సిన పని రిలేలన్నిటినీ ఆదేశం లేని స్థితిలో పెట్టడం. వైఫై, డిస్‌ప్లే అన్నీ ఆ తర్వాతే. వైఫై కోసం ఎదురుచూస్తూ ఆగిపోయే ప్రోగ్రామ్ రాయకండి. రౌటర్ పాడైతే హీటర్ ఆగిపోకూడదు. వైఫై ఉంటే ఫోన్‌లో చూసుకుంటాం, లేకపోయినా తొట్టి నడవాలి.

'డిలే' ఆదేశాన్ని వాడకుండా, 'మిల్లీస్' ఇచ్చే సమయంతో పోల్చుకుంటూ పని చేయించండి. ఆ లెక్క సుమారు 49.7 రోజులకు ఒకసారి తిరిగి సున్నాకు వస్తుంది. 'ఇప్పటి సమయం, ఫలానా అంకె కన్నా పెద్దదా' అని అడిగితే ఆ రోజు లెక్క తప్పుతుంది. 'ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసేస్తే ఎంత గడిచింది' అని అడగండి. మైనస్ గుర్తు లేని పూర్ణసంఖ్యల్లో రాస్తే ఈ తీసివేత సున్నా దాటినా సరిగ్గానే వస్తుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే బాక్సుకు ఇది చాలా ముఖ్యం.

హీటర్ నియమం ఇలా ఉండాలి: 25.7 కన్నా తగ్గితే ఆన్, 26.2 దాటితే ఆఫ్, మధ్యలో ఉంటే ఉన్నది ఉన్నట్టే. ఈ అర డిగ్రీ ఖాళీ లేకపోతే 26 దగ్గర రిలే ఆగకుండా కొట్టుకుంటుంది. ఇలాంటి చిన్న రిలేలు పూర్తి లోడు మీద సుమారు లక్ష సార్లు పనిచేసేలా తయారవుతాయి. నిమిషానికి ఒకసారి మారితే ఆ లక్ష 70 రోజుల్లోనే అయిపోతుంది. చాలా ఉష్ణమండల చేపలకు 24 నుంచి 27 మధ్య బాగుంటుంది. డిస్కస్ లాంటివాటికి ఇంకా వేడి కావాలి, గోల్డ్‌ఫిష్‌కు అంతకన్నా చల్లగా ఉండాలి. మీ చేపను బట్టి అంకెలు మార్చుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. సెన్సర్ చెప్పిన ప్రతిదాన్నీ ప్రోగ్రామ్ నమ్మకూడదు. రీడింగ్ 10 కన్నా తక్కువ, 40 కన్నా ఎక్కువ అయితే పక్కన పెట్టండి. 85, మైనస్ 127 అక్కడే పోతాయి. ఒక్క నిమిషంలో 2 డిగ్రీలు మారినా నమ్మొద్దు. 100 లీటర్ల నీరు అంత త్వరగా మారదని మన లెక్కే చెప్పింది. రెండు సెన్సర్ల మధ్య తేడా 1 డిగ్రీ దాటితే బజర్ మోగించి, ఎక్కువ వేడి చూపిస్తున్నదాన్నే పట్టుకుని నడవండి. అప్పుడు పొరపాటు జరిగినా చల్లదనం వైపే జరుగుతుంది. చేపలు నెమ్మదిగా చల్లబడే నీటిని కాసేపు ఓర్చుకుంటాయి. వేడెక్కే నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని ఓర్చుకోలేవు.

రెండు సెన్సర్లూ పోతే ఏం చేయాలి? గది మామూలుగా వెచ్చగానే ఉంటే హీటర్ ఆపి బజర్ మోగించడం చాలు. గది బాగా చల్లబడే కాలమైతే హీటర్‌ను ఆన్‌లో వదిలేయడమే మేలు, ఎందుకంటే దాని సొంత థర్మోస్టాట్ 27.5 దగ్గర ఆపుతుంది. కాగితం రాసేటప్పుడే ఆ డయల్‌ను సరిగ్గా పెట్టమన్నది ఇందుకే. ఈ ఎంపికను ప్రోగ్రామ్‌లో ఒక సెట్టింగ్‌గా ఉంచి, కాలాన్ని బట్టి మార్చుకోండి.

ఇంకో కాపలా కూడా పెట్టండి. నీళ్లు 25.7 కన్నా తక్కువగా ఉండి, హీటర్ 3 గంటలు ఆన్‌లో ఉన్నా అర డిగ్రీ కూడా పెరగకపోతే హీటర్ కాలిపోయి ఉండాలి, లేదా సెన్సర్ నీళ్లలోంచి బయటికి వచ్చి ఉండాలి. రెండింటికీ మనిషి రావాల్సిందే, బజర్ మోగించండి. నీళ్లు మార్చేటప్పుడు ఈ రెండోది తరచూ జరుగుతుంది. నీటి మట్టం దిగి సెన్సర్ గాలిలో ఉంటుంది, చల్లగా ఉందని హీటర్ వేస్తుంది, హీటర్ కూడా సగం గాలిలో ఉండి గాజు పగులుతుంది. అందుకే 'నీళ్లు మార్చే' బటన్ ఒకటి ఉండాలి. నొక్కితే హీటర్లు, నీటి పంపు 40 నిమిషాల పాటు ఆగిపోతాయి. రెండో బటన్ మేత కోసం. నొక్కితే ఫిల్టర్ 10 నిమిషాలు ఆగి, మీరు మర్చిపోయినా తనంతట తాను మొదలవుతుంది.

చివరగా వాచ్‌డాగ్ టైమర్. ఈఎస్‌పీ32 లోపలే ఉంటుంది. ప్రోగ్రామ్ 10 సెకన్లకు ఒకసారి 'నేను బతికే ఉన్నాను' అని దానికి చెప్పకపోతే అది బోర్డును రీస్టార్ట్ చేస్తుంది. ఆ కబురు ప్రధాన లూప్‌లో, వేడి చదివే పని పూర్తయ్యాక పంపండి. పక్కన నడిచే టైమర్‌లోంచి పంపితే ప్రధాన పని ఆగిపోయినా కబురు వెళ్తూనే ఉంటుంది, కాపలా ఉండీ లేనట్టే అవుతుంది.

లైట్ల విషయం త్వరగా ముగిద్దాం. డీఎస్3231 గడియారం మామూలు గది వేడిలో ఏడాదికి నిమిషం అటూఇటూ మాత్రమే తేడా చూపిస్తుంది, కరెంటు పోయినా బటన్ సెల్‌తో నడుస్తుంది. కొన్ని మాడ్యూళ్లలో ఆ సెల్‌ను చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. చార్జ్ చేయకూడని సీఆర్2032 సెల్ పెడితే అది ఉబ్బే ప్రమాదం ఉంది. చార్జ్ అయ్యే రకం పెట్టండి, లేదా ఆ దారిలో ఉన్న డయోడ్‌ను తీసేయండి. మొక్కలున్న తొట్టికి రోజుకు 8 గంటల వెలుతురుతో మొదలుపెట్టి, నాచు పెరిగితే తగ్గించండి.

ఐదో అడుగు: నీళ్లు నింపే ఏర్పాటు

ఇది ఐచ్ఛికం. చిన్న తొట్టికి అక్కర్లేదనే నా అభిప్రాయం. పెడితే మాత్రం అన్ని కట్టుదిట్టాలతో పెట్టండి, ఎందుకంటే ఇల్లంతా నీళ్లు చేసే శక్తి ఈ ఒక్క భాగానికే ఉంది.

ఫ్లోట్ స్విచ్ లోపల రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే స్విచ్), తేలే బిళ్లలో అయస్కాంతం ఉంటాయి. బిళ్లను తిరగేసి పెడితే స్విచ్ పనితీరు తిరగబడుతుంది. కింది ఫ్లోట్‌ను నీళ్లు తగ్గినప్పుడు కలిసేలా అమర్చండి. వైరు తెగితే 'నీళ్లు ఉన్నాయి' అన్నట్టే అవుతుంది, పంపు తిరగదు. పై ఫ్లోట్‌ను మామూలుగా కలిసి ఉండి, నీళ్లు మరీ పైకొస్తే విడిపోయేలా పెట్టండి. దాని వైరు తెగినా పంపు ఆగుతుంది. అలలకు కదిలినప్పుడల్లా స్పందించకుండా, 10 సెకన్లు ఆగకుండా తక్కువ చూపిస్తేనే పంపు వేయండి.

నత్త వచ్చి ఫ్లోట్ మీద కూర్చుంటుంది. నాచు పట్టి బిళ్ల ఇరుక్కుంటుంది. అందుకే టైమ్ హద్దు తప్పనిసరి. రోజూ ఎంత నీరు ఆవిరవుతోందో ముందు వారం రోజులు కొలిచి, అంత నీరు పోయడానికి పంపుకు ఎంతసేపు పడుతుందో చూసి, దానికి ఒకటిన్నర రెట్లు మించి ఒక రోజులో పంపు నడవకుండా ప్రోగ్రామ్‌లో కట్టేయండి. నింపే నీళ్ల డబ్బా చిన్నదిగా ఉండాలి. అందులోని నీరంతా ఒకేసారి తొట్టిలో పడ్డా పొంగకూడదు. ఆ డబ్బా తొట్టి కన్నా కింద ఉండాలి, గొట్టం కొస నీటి పైన ఉండాలి. లేదంటే పంపు ఆగాక కూడా సైఫన్ పట్టి నీరు పారుతూనే ఉంటుంది. ఉప్పు నీటి తొట్టికి కూడా ఈ డబ్బాలో మంచినీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది.

ఆరో అడుగు: బకెట్‌లో పరీక్ష

చేపలున్న తొట్టికి వెంటనే తగిలించకండి. ఒక పెద్ద బకెట్‌లో నీళ్లు పోసి, హీటర్, చిన్న పంపు పెట్టి వారం రోజులు నడపండి. ఆ వారం మీ పని దాన్ని పాడుచేయడమే. సెన్సర్ వైరు పీకండి. సెన్సర్‌ను తీసి వేడినీళ్ల గ్లాసులో పెట్టండి. రౌటర్ ఆపేయండి. పదిసార్లు కరెంటు తీసి వేయండి. ఫ్లోట్‌ను వేలితో నొక్కి పట్టుకోండి. ప్రోగ్రామ్‌లో కావాలని అంతులేని లూప్ పెట్టి వాచ్‌డాగ్ లేపుతుందో లేదో చూడండి. ప్రతిసారీ మీ కాగితం మీద రాసుకున్నట్టే జరగాలి. ఒక్కటి తేడా వచ్చినా కారణం దొరికే దాకా బకెట్ దగ్గరే ఉండండి.

తొట్టికి మార్చేటప్పుడు సెన్సర్లను హీటర్ పక్కన పెట్టకండి. ఒకటి నీరు బాగా కదిలే చోట, రెండోది అవతలి మూల ఉంటే తొట్టి అసలు వేడి తెలుస్తుంది. మామూలు గాజు థర్మామీటర్‌ను కూడా తొట్టికి అంటించి ఉంచండి. డిస్‌ప్లే మీద అంకెను అప్పుడప్పుడు దాంతో పోల్చుకోవచ్చు.

ఫోన్‌కు హెచ్చరికలు పంపే ఏర్పాటు చేస్తే ఒకటి గమనించండి. బోర్డు చచ్చిపోతే హెచ్చరిక కూడా రాదు. కాబట్టి బోర్డు ప్రతి 10 నిమిషాలకు 'బాగున్నాను' అనే కబురు ఇంట్లోని వేరే కంప్యూటర్‌కో, సర్వర్‌కో పంపాలి. ఆ కబురు రాకపోతే అవతలి వైపు మిమ్మల్ని లేపాలి. బాక్సు మూత మీద నాలుగు లైన్ల కాగితం కూడా అంటించండి: బజర్ మోగితే ఏ ప్లగ్ పీకాలి, ఏ ప్లగ్ నేరుగా గోడకు పెట్టాలి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లకు ఆ నాలుగు లైన్లే దిక్కు.

మూడు నెలలకోసారి ఫ్లోట్లను పాత బ్రష్‌తో కడగండి, ఐసు గ్లాసు పరీక్ష మళ్లీ చేయండి, ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి ట్రిప్ అవుతోందో చూడండి.

పీహెచ్ సంగతి

ఇంతవరకు వచ్చాక చాలామందికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) కొలిచే ప్రోబ్ కూడా కలపాలనిపిస్తుంది. కలపండి, కానీ మొదటి కొన్ని నెలలు అది చదవడానికే ఉండాలి, దేన్నీ నడపకూడదు. పీహెచ్ ఒక అంకె మారితే ప్రోబ్ ఇచ్చే వోల్టేజి 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్ట్‌లే మారుతుంది. అంత చిన్న సిగ్నల్‌ను పక్కనున్న పంపు మోటారు కూడా చెడగొడుతుంది. ఫిల్టర్ ఆగినప్పుడు పీహెచ్ అంకె గబుక్కున మారితే నీళ్లలో ఏమీ మారలేదు, కరెంటు సందడి ప్రోబ్‌లోకి వస్తోందని గ్రహించండి. ప్రోబ్ బోర్డుకు విడిగా ఐసొలేషన్ ఉన్న మాడ్యూల్ వాడితే ఇది తగ్గుతుంది. నెలకోసారి పీహెచ్ 7, 4 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి, ప్రోబ్ కొస ఎప్పుడూ ఎండిపోకూడదు, ఏడాది రెండేళ్లకు దాన్ని మార్చాల్సి వస్తుంది. మొక్కల తొట్టికి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే వాల్వ్‌ను ఈ ప్రోబ్‌తో నడపాలనుకుంటే, ఆ వాల్వ్‌ను నార్మల్లీ ఓపెన్ రిలేకు కలిపి, లైట్లు ఆరిన వేళ ఎప్పుడూ తెరుచుకోకుండా గడియారంతో కట్టేసి, అప్పుడు మొదలుపెట్టండి.